బిగింపని పిడికిలి

మార్గశిరమాసపు మంచు సముద్రముమీదినుండి మెల్లమెల్లగా లేచి కాకినాడ పురవీధులను కమ్ముకొని దీపస్తంభముల శిరములను జుట్టి మేడల యంచులను చెరపివైచి మేల్కొనుటకు మనసొప్పక ముసుగుదన్నిన జనులకు మరియొక దుప్పటి కప్పినట్లుండగా ఆ పురమునందలి మహిళాకళాశాల వెనుకటి సిమెంటు క్రీడాంగణమునుండి మాత్రము దబ్బు దబ్బు మను నొక ధ్వని యెడతెగక వినవచ్చుచుండెను. అది బాస్కెట్ బాల్ బంతి నేలను తాకు చప్పుడు. ఆ చప్పుడును బట్టియే యా వాడవారు తెల్లవారెనని తెలిసికొనెడివారు. కొందరు ముసుగులోనుండియే యా యాటను కనిపెట్టిన మహానుభావుని మనసార తిట్టుకొనెడివారు.

ఆ బంతిని నడపు కన్యక పేరు ఉత్పల. కళాశాల జట్టునకు నాయకురాలు. తరళలోచన. చపలచరణ. నిలిచినచోట క్షణమైన నిలువనేరని స్వభావము గలది. తినుటయు నడచుటయు మాటలాడుటయు నన్నియు నామెకు పరుగులే. "నిన్నెవరైనా వెనకాల తరుముతున్నారటే?" యని తల్లి దినమున కొకసారియైన విసుగుకొనెడిది. అట్టి యుత్పల యెదుట బంతి మాత్రము మిక్కిలి విధేయతతో మెలగుచు నేలకు పోయినది పోయినట్లే యామె యరచేతికి తిరిగి వచ్చెడిది.

జట్టునందలి రెండవ ముఖ్యురాలు మరిడేశ్వరి. పెద్దాపురపు నేతగాని కూతురు. ద్వారబంధముల క్రింద తల వంచి నడచుట చిన్ననాటనే యలవడిన యున్నతకాయ. స్వభావముచేత మితభాషిణి. గమనముచేత మందగామిని. అయినను బుట్టక్రింద నిలిచి యొకసారి చేయి చాచెనేని ఆ చేతిని దాటి బంతిని గైకొనగల ప్రత్యర్థి యా జిల్లాలో లేదు. చదువున మార్కులు అంతంతమాత్రమే. విశ్వవిద్యాలయపు జట్టునకు ఎంపికయైనచో క్రీడాకారుల కోటాలో వ్యాయామోపాధ్యాయశిక్షణకు చోటు దొరకును. దొరకనిచో డిగ్రీతో చదువు ముగిసి పెద్దాపురమునకు మరలిపోవలసినదే. ఈ సంగతి జట్టులో నందరికిని తెలియును. అందరికంటె బాగుగ నుత్పలకు తెలియును. ఏలయన మరిడేశ్వరి తన మనసులోని మాట చెప్పుకొన్న దొక్క యుత్పలతోనే.

వ్యాయామోపాధ్యాయిని భ్రమరాంబ గారు ఖండితభాషిణి. ఆమె జట్టునకు రెండు నియమములు గలవు. ఆటగతిని నిర్ణయించు నధికారము బంతిని నడపు బాలికదే యనునది మొదటిది. ఆ బాలిక పిడికిలి బిగించి పై కెత్తినచో నిదానము. అరచేయి విప్పి చూపినచో పరుగు. ఆట సాగుచుండగా 'ఆగు' మనియు 'ఉరుకు' మనియు అరచుటకు తోడివారికి గాని తుదకు భ్రమరాంబ గారికి గాని యధికారము లేదు. పొరుగూరినుండి తిరిగి వచ్చునపుడు ఆనాడు జట్టునకు మేలొనర్చిన బాలిక యొడిలో తోడివారు బంతిని ఉంచవలెననునది రెండవది. బస్సులో బంతి యొడిలోనున్న పిల్లకు కిటికీ ప్రక్క చోటు. ఆ చోటుకొరకు రాణివాసపు సింహాసనమునకువలె తహతహలాడని పిల్ల జట్టులో లేదు.

గడచిన సంవత్సరము ఉత్పల పిడికిలి బిగించియే యాడించెను. బంతిని నడిమిగీత దాటించి నిలుపును. తోడివారు నలుదెసల సర్దుకొందురు. మరిడేశ్వరి ఏనుగునడకతో వచ్చి బుట్టక్రింద నిలుచును. అటుపిమ్మట ఉత్పల ఎదుటివారి చేతులనడుమ దొరికిన సందునుండి బంతి నామెకు విసరును. బంతి బుట్టలో బడును. ఆ విసరుటలోని నేర్పు కన్నులున్నవారికే తెలియును. మైదానము చుట్టు చేరినవారిలో అట్టి కన్నులు గలవారు తక్కువ. వారు చప్పట్లు కొట్టినది బుట్టలో వేసిన చేతులకే.

ఈ యేటి శ్రావణమాసమున కళాశాల వార్షికోత్సవము జరిగెను. ముఖ్యాతిథిగా విచ్చేసిన పెద్దమనిషి మరిడేశ్వరిని వేదికమీదికి పిలిచి యంతెత్తు చూచి యాశ్చర్యపడి తన మెడలోని బంతిపూలదండను తీసి ఆమె మెడలో వైచెను. ప్రక్కనే నాయకురాలు నిలిచియుండెను. ఆయన ఆమెవంక జాలిగా చూచి "నువ్వు కూడా ఆడతావా అమ్మా?" యని యడిగెను. సభ గొల్లుమనెను. మరిడేశ్వరి యొక్కతెయే నవ్వలేదు. ఉత్పల నవ్వినది గాని ఆ నవ్వు ముఖముననే యాగిపోయెను. ఆ రాత్రి యామెకు కూడు సయించలేదు. ఆ మాట చెవిలో ఈగవలె ముసరుచునే యుండెను.

ఆ పిమ్మట జరిగిన మొదటి పోటీలోనే యుత్పల యరచేయి విప్పెను.

సత్యము చెప్పవలెనన్న నా వేగము చూడముచ్చటయైనది. బంతి చేత జిక్కుటయే తడవుగా ఉత్పల గాలివలె దూసికొనిపోవుచు ఎదుటివారు వెనుదిరిగి చూచులోపల బుట్టయెదుట నిలిచెడిది. తోడి చిన్నపిల్ల లిరుప్రక్కల నురికెడివారు. ఎదుటివారు ముక్కున వేలిడుకొని చూచుటయే గాని యేమి చేయుటకును తోచెడిది కాదు. పాయింట్లు వెల్లువలై పొంగెను. గెలుపుమీద గెలుపు వచ్చెను. మైదానముచుట్టు చేరు జనము రెట్టింపాయెను. వారిప్పుడు కేకలు వేయుచున్నది ఉత్పల పేరు. మరిడేశ్వరి మాత్రము మగ్గముమీద నూలు నడపు నాడె తిరిగినట్లు ఈ కొసనుండి ఆ కొసకును ఆ కొసనుండి ఈ కొసకును తిరుగుచు తాను బుట్టకడకు చేరులోపలనే యాట వెనుదిరిగిపోవుటచే వట్టిచేతులతో మరల నడచుచుండెను.

ఒకనాడు భ్రమరాంబ గారు బూట్ల దారములు విప్పుకొనుచున్న యుత్పల ప్రక్కన నిలిచిరి.

"స్పీడు బాగుందమ్మా. మరిడికి బంతి అందటం లేదు."

"గెలుస్తున్నాం కదండీ మేడమ్" అని యుత్పల తల యెత్తకయే పలికెను.

ఆమె మరి మాటాడక వెడలిపోయిరి. నియమము తాము పెట్టినదే గదా! ఉత్పల విప్పిన దారమునే మరల ముడివేసి మరల విప్పెను. గెలుచుచున్నమాట నిజము. ఆ నిజము చాటున దాగిన దేమో యామె కెరుకయే. జట్టు కొరకు పరుగెత్తుచున్నాననుకొనుట సుఖముగానుండెను గాని తాను నిజముగా పరుగెత్తుచున్నది మరిడేశ్వరినుండి యని లోపల నొక గొంతు చెప్పుచునే యుండెను. ఆమె యా గొంతును వినిపించనీయలేదు.

ఒక యాదివారము ప్రాతఃకాలమున ఉత్పల గాలికని సముద్రతీరమునకు పోయెను. మంచులోనుండి యెవరో దీర్ఘకాయ యిసుకలో పరుగెత్తుచు వచ్చుట చూచి గుర్తించి తటాలున ఒడ్డునకు లాగియున్న పడవచాటునకు తప్పుకొనెను. ఏల దాగుకొనెనో యామెకే తెలియదు. అయితే మరిడేశ్వరి కన్నులు ఎత్తుననుండి చూచునవి గదా. పడవమీదుగానే యుత్పలను కనిపెట్టెను.

"ఏమే ఉత్పలా! ఇంత పొద్దున్నే ఇక్కడేం చేస్తన్నావు?"

"ఊరికే, గాలికొచ్చాను. నువ్వేంటే, ఇసకలో ఈ పరుగేంటి?"

"మరేం చెయ్యనే? నువ్వు చెయ్యి విప్పేసరికి నేను సగం కోర్టులోనే ఉండిపోతన్నాను. నా మూలాన టీము ఆగిపోకూడదు కదా. ఇసకలో పరిగెడితే కాళ్ళు తేలికవుతాయంట. నువ్వు కాస్త ఓపిక పట్టవే. సెలక్షన్ల లోపు నీ స్పీడు అందుకుంటాను."

ఇట్లు పలికి యామె వంగి కుడిమోకాలిని రెండు చేతులతోను పట్టుకొనెను.

"మోకాలేమైందే?"

"ఏం లేదులే. కొత్త కదా, సలుపుతోంది."

ఉత్పల యా మోకాలివంకనే చూచెను. నీవు పరుగెత్తనక్కరలేదు నేను ఆగిన చాలును అను మాట గొంతుదాక వచ్చెను. వచ్చి యచ్చటనే నిలిచెను. ఆ మాట యనినచో ఇన్నాళ్ళేల యాగలేదని యడుగునేమో. అడిగినచో ఏమని చెప్పవలెను? బంతిపూలదండకొరకని చెప్పగలదా? "జాగ్రత్తే" యని మాత్రము పలికి యామె యింటిదారి పట్టెను. వెనుక ఇసుకలో మరల అడుగుల చప్పుడు మొదలాయెను. ఉత్పల తిరిగి చూడలేదు.

మరునాడు పిడికిలి బిగింతునని దృఢముగా ననుకొనియే క్రీడాంగణమునకు వచ్చెను. బంతి చేతికి వచ్చెను. గోడలమీద గూర్చున్న పిల్లలు "ఉత్పలా! ఉత్పలా!" యని యరచిరి. చేయి తనంత తానే విచ్చుకొనెను. రేపటినుండి యనుకొనెను. రేపటికి మరియొక రేపు దొరకుచునే యుండెను. ఇట్లు దినములు గడచిపోయెను.

అంతర్కళాశాలల పోటీలు రాజమహేంద్రవరమున జరిగెను. గోదావరిమీది గాలికి షామియానా రెపరెపలాడుచుండ దాని నీడను ఎంపికసంఘమువారు కూర్చుండి యాటలను పరికించుచుండిరి. మొదటిపోటీలన్నిటిలోను కాకినాడ జట్టు పరుగుతోనే గెలిచెను. ఆ పరుగు ధాటికి జనము లేచి నిలిచిరి. మరిడేశ్వరి మోకాలికి గుడ్డ చుట్టుకొని కుంటుచు అందరి వెనుకను వచ్చెడిది. షామియానా ప్రక్క నిలిచి నీళ్ళు త్రాగబోవుచున్న యుత్పల చెవిని సంఘమువారిలో నొకరి మాట పడెను.

"ఆ పొడుగమ్మాయి పేరేంటి? పొడుగే గానీ కదలిక లేదండీ."

ఉత్పల చేతిలోని నీరు నోటికి పోలేదు. ఆ తీర్పు చెప్పినవాడు షామియానా క్రింద కూర్చున్నవాడు గాని దానికి సాక్ష్యమంతయు తయారుచేసినది తానే.

మరునాటి సాయంకాలము తుదిపోటీ. ఎదిరిపక్షము ఏలూరు జట్టు. వారు కాకినాడవారి యాటను ముందురోజులలో కన్నులప్పగించి చూచినవారు. బంతి పోయిన తక్షణమే తగవులాడక తమ బుట్టకడకు పరుగెత్తి గోడవలె నిలువసాగిరి. ఉత్పల దూసికొని వచ్చి చూచుసరికి దారి లేదు. తొందరలో విసరిన బంతి బుట్టయంచును తాకి యెగిరిపోవును. అట్లు ఎగిరిన బంతిని బుట్టక్రింద అందుకొనవలసిన మరిడేశ్వరి యింకను సగము దూరముననే యుండును. ఏలూరువారు సావకాశముగా బంతి నందుకొని పోవుదురు. ఇన్నాళ్ళు గెలుపు నిచ్చిన వేగమే ఇప్పుడు ఎదుటివారికి బంతుల నందించుచుండెను. పైగా పిల్లలకు ఊపిరి చాలకుండెను. సగమాట ముగియునప్పటికి కాకినాడ జట్టు చాల వెనుకబడెను.

విరామమున భ్రమరాంబ గారు నీళ్ళసీసా ఉత్పలకు అందించిరి. నెమ్మదిగా పలికిరి.

"ఆట నడక నీ చేతిలో పెట్టాను. ఎందుకలా నడిపిస్తున్నావని ఎప్పుడూ అడగలేదు. ఇవాళా అడగను. నీకు తెలుసు కదమ్మా."

ఎదుట మరిడేశ్వరి నేలపై కూర్చుండి గుడ్డ విప్పి వాచిన మోకాలిని నిమిరి మరల చుట్టుకొనుచు "ఇంకొంచెం గట్టిగా పరిగెడతానే. నువ్వు కంగారుపడకు" అనెను. అంతటితో ఉత్పల గుండె బ్రద్దలాయెను. బిగ్గరగా నేడువవలెననిపించెను. ఏడ్చుటకు వ్యవధి లేదు. ఈల మ్రోగెను.

బంతి చేతికి వచ్చినంతనే జట్టు పిల్లలందరును అలవాటుచొప్పున పరుగెత్తబోయి వెనుదిరిగి చూచి నిలిచిపోయిరి. నడిమిగీతకడ నిలిచిన నాయకురాలి కుడిచేయి పై కెత్తబడియుండెను. పిడికిలి బిగిసియుండెను. మరిడేశ్వరి యా పిడికిలిని చూచెను. ఒక్క క్షణము నమ్మనట్లు చూచెను. పిమ్మట తన పాతనడకతో నడచి వచ్చి బుట్టక్రింద తన పాతచోట నిలిచెను. బంతి పోయి యామె చేతిలో వాలెను. బుట్టలో బడెను. మరల బడెను. గోడ కట్టిన ఏలూరువారికి ఆ గోడకంటె నెత్తయిన చేతిని ఏమిచేయుటకును తోచలేదు. పోయిన పాయింట్లు ఒక్కటొక్కటిగా తిరిగి వచ్చుచుండ ఉత్పలకు సంతోషమునకు మారు దుఃఖము పొంగి వచ్చెను. ఇంత సులభమైనదానిని ఇన్నినెలలు తాను చేయలేదు గదా!

ఆట ముగియవచ్చెను. కాకినాడ యొక్క పాయింటు వెనుకనుండెను. తుదిసారి బంతి ఉత్పల చేతికి వచ్చినపుడు మరిడేశ్వరి రెండవ కొసననుండి కాలీడ్చుకొనుచు వచ్చుచుండెను. బంతి చేతనుంచుకొనుటకు నియమితమైన గడువు కరగిపోవుచుండెను. "వెయ్యవే! వెయ్యవే!" యని జనము గగ్గోలు పెట్టిరి. ఉత్పల కదలలేదు. జీవితమున నెన్నడును నిలిచియెరుగని యా కన్యక నిలిచినచోటనే బంతిని కొట్టుచు పిడికిలి దింపక ఆమెకొరకు వేచియుండెను. మరిడేశ్వరి వచ్చెను. బంతి యందెను. ఒంటికాలిమీద లేచి విసరెను. అది బుట్టయంచున చుట్టు తిరిగి తిరిగి లోపలికి జారెను. క్రిందికి దిగిన కాలు మాత్రము ఆమె బరువు మోయలేదు. జనమంతయు జయజయధ్వానములు చేయుచుండ గెలిపించిన పిల్ల నేలపై బడి మోకాలు పట్టుకొని మెలికలు తిరుగుచుండెను.

బహుమతిప్రదానానంతరము ఎంపికైనవారి పేర్లు మైకులో చదివిరి. ఉత్పల పేరు అందరికంటె ముందు వచ్చెను. మరిడేశ్వరి పేరు రాలేదు.

ఉత్పల భ్రమరాంబ గారికడకు పరుగెత్తెను. "మేడమ్, వాళ్ళతో చెప్పండి మేడమ్. దాని తప్పు లేదు. ఇన్నాళ్ళూ నేనే కావాలని..." మాట తెగిపోయెను.

"చెప్పి చూశానమ్మా. కాలు చూశారుగా అన్నారు. ముందు ఆటలన్నిట్లో వెనకబడింది అన్నారు. వాళ్ళు చూసింది వాళ్ళు చెప్పారు. వాళ్ళకి చూపించింది నువ్వు." ఆమె గోదావరివంకకు తిరిగి మరల పలికిరి. "చూస్తూ ఊరుకున్నది నేను. నియమం అని కూర్చున్నాను. నాకూ నిద్ర పట్టదులే."

అసురసంధ్యవేళ బస్సు బయలుదేరెను. జట్టు పిల్లలందరు నేకమై బంతిని తెచ్చి కిటికీ ప్రక్క గూర్చున్న మరిడేశ్వరి యొడిలో నుంచిరి. ఆమె దానిని కొంతసేపు చేత నిమిరి ప్రక్కనున్న యుత్పల యొడిలోనికి మార్చెను.

"నాకెందుకే ఇది?" యని యుత్పల యులికిపడెను.

"చివర్లో నాకోసం ఆగావు కదే. అంతమంది అరుస్తున్నా ఆగావు."

ఉత్పల ఆ బంతిని మోయలేకపోయెను. నిప్పుకణికవలె నామె యొడిని అది కాల్చుచుండెను. ఇక దాచుట ఆమెవలన కాలేదు. ముఖ్యాతిథి మాటయు సభవారి నవ్వును దండయు తన యసూయయు చేయి విప్పుటకు గల కారణమును పడవచాటున గొంతులో నిలిచిన మాటయు నన్నియు చెప్పివైచెను. చెప్పుచున్నంతసేపు మరిడేశ్వరి ముఖమువంక చూడలేకపోయెను. బస్సు రెండు ఊళ్ళు దాటెను.

"ఆ దండ కోసమా?" యని తుదకు మరిడేశ్వరి యడిగెను. "మెడంతా దురద పెట్టిందే అది. హాస్టల్ గేటు దగ్గర మేక ఉంటే దానికి వేసేశాను. మొత్తం తినేసింది."

ఉత్పలకు నవ్వు రాలేదు. మరిడేశ్వరియు నవ్వలేదు. మేక తిని జీర్ణించుకొన్న నాలుగుపూవులకొరకు ఒక కన్యక చదువు పోయెను. కాలు పోయెను. క్షమించితినని మరిడేశ్వరి యనలేదు. అనుమని ఉత్పలయు నడుగలేదు. బంతి ఎప్పుడో యొడినుండి జారి సీట్లక్రింద దొరలుచుండెను. దాని నెవ్వరును తీయలేదు.

పెద్దాపురమున బస్సు నిలిచెను. ఆ కాలితో హాస్టల్ మెట్లెక్కజాలదు గాన మరిడేశ్వరి యిచ్చటనే దిగిపోవలెనని భ్రమరాంబ గారు నిశ్చయించిరి. తామును తోడు దిగబోవుచుండ ఉత్పల "నేను దింపొస్తాను మేడమ్" అని ముందుగా దిగి చేయి యందించెను. మరిడేశ్వరి ఆ చేతివంక చూచెను. పిమ్మట పట్టుకొనెను.

నేతవారి వీధి సన్ననిది. ఇరుప్రక్కల ఇండ్లనుండి మగ్గముల చప్పుడు వినవచ్చుచుండెను. మరిడేశ్వరి చేయి ఉత్పల భుజముమీద బరువుగానుండెను. ఒక అడుగు వేయును. ఆగును. ఊపిరి పీల్చుకొని మరియొక అడుగు వేయును. ఉత్పల ఆమె యాగినప్పుడెల్ల నాగి నడచినప్పుడెల్ల నడచుచు ఒక్క అడుగైన ముందు పడనీయక వచ్చుచుండెను. సగము వీధి దాటిన పిమ్మట మరిడేశ్వరి పలికెను.

"ఇంత నెమ్మదిగా కూడా నడవగలవే నువ్వు."

అది నిష్ఠూరమో మెచ్చుకోలో ఉత్పలకు తెలియలేదు. తెలిసికొనుటకు యత్నింపలేదు. చేతనైన మేలును చేయవలసిన వేళ చేయక తరువాత చేసినవారికి తెలిసికొను నధికార మెక్కడిది! ఆమె కన్నులనుండి నీరు కారుచుండెను. తుడుచుకొనుటకు చేతులు ఖాళీగా లేవు.

వీధి మొగనుండి బస్సు హారను మ్రోగెను. ప్రొద్దుపోవుచున్నదని డ్రైవరు తొందరపడుచుండెను. మరల మ్రోగెను. మరిడేశ్వరి "వెళ్ళవే, నేను పోతాలే" యని భుజముమీది చేయి తీయబోయెను. ఉత్పల ఆ చేతిని విడువలేదు. వెనుదిరుగకయే ఆమె నడుమును పట్టియున్న తన రెండవచేతిని తీసి తలకంటె నెత్తుగా నెత్తెను. ఆ సంజ్ఞకు అర్థము డ్రైవరునకు తెలియదు. బస్సులోని పిల్లలకు తెలియును. హారను ఆగిపోయెను. వీధిదీపపు మసకవెలుగున ఆ బిగించిన పిడికిలి మరిడేశ్వరి యింటి గుమ్మముదాక దిగలేదు.